తూకానికి ముందు

(హన్మకొండలో ఒక ఆదివారం జరిగిన సభలో, పోతపని శిక్షకుడిగా పనిచేసి పదవీ విరమణ పొందిన వక్త చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ముందు వరుసల్లో కూర్చున్న ఐటీఐ విద్యార్థులకు, దుకాణాలు మూసుకుని వచ్చిన పాత ఇనుము వ్యాపారులకు, మోటారు వైండింగ్ చేసే సోదరులకు, ఇంట్లో పేరుకుపోయిన సామాను ఏం చేయాలో తెలుసుకుందామని వచ్చిన అక్కచెల్లెళ్లకు ప్రత్యేకంగా నమస్కారం.

మా నాన్న కమ్మరి. పరకాల దగ్గర ఒక పల్లెలో మా కొలిమి ఉండేది. రైతు ఎవరైనా ఒక ఇనుప ముక్క తెచ్చి ‘దీనితో కొడవలి అవుతుందా’ అని అడిగితే నాన్న వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చేత్తో తిప్పే సాన ఒకటి ఉండేది. నన్ను చక్రం తిప్పమని, ఆ ముక్కను రాయికి ఆనించి, లేచే రవ్వలను చూసేవారు. రవ్వలు గడ్డిపోచల్లా పొడవుగా, నిటారుగా సాగితే అది మెత్తని ఇనుము. చివర చిట్లి పువ్వుల్లా విచ్చుకుంటే కర్బనం ఎక్కువున్న గట్టి ఉక్కు. ఎర్రగా, పొట్టిగా లేచి రాయి దగ్గరే ఆరిపోతే బీడు, అంటే పోత ఇనుము. బీడు సుత్తి దెబ్బకు పగిలిపోతుంది కాబట్టి దాన్ని పక్కన పడేసేవారు. లారీ కమాను పట్టీ దొరికిన రోజు మా ఇంట్లో పండుగలా ఉండేది. దాని రవ్వలు పువ్వుల్లా విచ్చుకునేవి. ఆ పట్టీతో చేసిన కొడవలి ఎన్ని కోతలైనా తట్టుకునేది.

తర్వాత నేను ముప్పై ఏళ్లకు పైగా పోతపని నేర్పాను, లోహశాస్త్రం చదువుకున్నాను. అయినా పాత లోహం గురించి ఈ రోజు మీకు చెప్పదలచుకున్నదంతా ఆ సాన దగ్గర నేర్చుకున్నదే. చేతిలో ఉన్న ముక్క ఏమిటో తెలియకుండా దాన్ని దేనిలోనూ కలపకూడదు.

లోహానికి చావు లేదని అంటుంటారు. కాగితాన్ని కొన్నిసార్లే తిరిగి చేయగలం, దాని నార పొట్టిదైపోతుంది. ప్లాస్టిక్కు కూడా ప్రతిసారీ నాసిరకమవుతుంది. లోహం అలా కాదు, కరిగిస్తే మళ్లీ కొత్తదే. అందుకే ‘పాత ఇనుము ఎలాగూ కొలిమికి పోతుంది కదా, ఎలా ఇస్తే ఏం’ అన్న ధీమా మనకు వచ్చింది. ఆ ధీమాలో ఒక పెద్ద పొరపాటు ఉంది.

పాడైన ఫ్యానును మీరు పాత సామాను బండికి ఇచ్చారనుకోండి. లోపల మోటారులో రాగి తీగ ఉంది. విప్పి తీసే ఓపిక లేక దాన్ని అలాగే ఇనుము గుట్టలో పడేస్తే, ఆ రాగి ఇనుముతో పాటే కొలిమిలోకి పోతుంది. కరిగిన ఇనుములోకి ఆక్సిజన్ ఊదితే కర్బనం, సిలికాన్, మాంగనీసు ముందుగా మండి, వాయువుగానో, చిట్టెంగానో, అంటే పైన తేలే మడ్డిగానో బయటికి వస్తాయి. రాగి మాత్రం రాదు. ఆక్సిజన్‌తో కలిసే గుణం ఇనుముకున్నంత రాగికి లేదు. రాగిని కాల్చి తీయాలంటే ముందు ఇనుమంతా కాలిపోవాలి! తగరానిదీ ఇదే కథ. ఒకసారి ఉక్కులో చేరిన రాగి ఆ ఉక్కును ఎన్నిసార్లు కరిగించినా అందులోనే ఉంటుంది, మరో ఫ్యాను పడితే ఇంకొంచెం పెరుగుతుంది.

పెరిగితే ఏమవుతుందో ఐటీఐ పిల్లలు జాగ్రత్తగా వినాలి. ఉక్కు దిమ్మెను ఎర్రగా కాల్చి రోలింగు మిల్లులో సాగదీసేటప్పుడు పైపొరలోని ఇనుము గాలి తగిలి తుప్పు పొలుసుగా మారుతుంది. రాగి మారదు, పొలుసు కింద పోగుపడుతుంది. రాగి 1,085 డిగ్రీలకే కరుగుతుంది, దిమ్మె వేడి అంతకంటే ఎక్కువ. కరిగిన రాగి ఉక్కు రేణువుల సందుల్లోకి దిగుతుంది, రోలరు ఒత్తగానే అక్కడ పగులు తేలుతుంది. వెయ్యి కిలోల ఉక్కులో రెండు మూడు కిలోల రాగి ఉన్నా ఈ బాధ మొదలవుతుంది. అలాంటి ఉక్కు పలుచని రేకులకు పనికిరాదు. మన ఇళ్ల స్లాబుల్లో వేసే కడ్డీల్లాంటి తక్కువ పనులకే మళ్లించాలి.

మన దేశంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఇక్కడ తుక్కును కరిగించే చిన్న మిల్లుల్లో చాలావరకు ఉన్నవి ఇండక్షన్ కొలుములు. అవి కరిగిస్తాయి కానీ శుద్ధి చేసే శక్తి వాటికి చాలా తక్కువ. భాస్వరం, గంధకం కూడా వేసినంతా దాదాపు అలాగే మిగిలిపోతాయి. అంటే కొలిమిలో ఏది పడాలో, ఏది పడకూడదో తేలేది మిల్లులో కాదు. వరంగల్‌లో పాత ఇనుము దుకాణం ముందు, కాంటా దగ్గర నేల మీద కూర్చుని ముక్కలు ఏరే ఆడమనిషి చేతుల్లో అది తేలుతుంది. ఆమెకు కూలి ఎంత, చేతికి తొడుగు ఉందా, ధనుర్వాతం సూది వేయించారా అన్న ప్రశ్నలు అందుకే నాకు లోహశాస్త్రంలో భాగంగానే కనిపిస్తాయి. వ్యాపారులు నొచ్చుకోవద్దు. మీ దుకాణంలో అందరికంటే నైపుణ్యం ఉన్న మనిషి ఆమే. ఆ నైపుణ్యానికి తగినట్టు ఆమెను చూడండి.

రెండు వందల ఏళ్ల కిందట హెన్రీ వోయిసీ అనే శాస్త్రవేత్త మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం వచ్చి, అక్కడ ఉక్కు చేసే పద్ధతిని కళ్లారా చూసి రాశాడు. పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి ఆ ఉక్కును కొనుక్కుపోయేవారు. కోనసముద్రం కమ్మరులు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన రెండు రకాల ఇనుమును లెక్క ప్రకారం మట్టి మూసలో పెట్టి, మూత బిగించి కరిగించేవారు. వాళ్లూ కలిపారు. కానీ ఏది ఎక్కడిదో, ఏది ఎంత వేయాలో తెలిసి కలిపారు. ప్రపంచంలోనే పేరున్న కత్తులకు ఆ ముద్దలు పోయాయి. మనం ఇప్పుడు ఫ్యాను, డబ్బా, గేటు, స్టార్టరు అన్నీ కుప్పగా పోసి కలుపుతున్నాం. ఆ కోనసముద్రానికి వారసులుగా మనకు ఇది సిగ్గుచేటని నేను అనుకుంటాను.

వేరు చేసి ఇస్తే లాభం ఎంత? 2019లో కేంద్ర ఉక్కు శాఖ ప్రకటించిన తుక్కు విధానంలో లెక్క ఉంది. ఒక టన్ను ఉక్కు తుక్కు వాడితే 1.1 టన్నుల ఇనుప ఖనిజం, 630 కిలోల కోకింగు బొగ్గు, 55 కిలోల సున్నపురాయి మిగులుతాయి.

సిల్వర్ గిన్నె లెక్క ఇంకా గట్టిది. మనం సిల్వర్ అనేది నిజానికి అల్యూమినియం. బాక్సైటు నుంచి వచ్చిన అల్యూమినాను కరిగించి కిలో అల్యూమినియం తీయడానికి 14, 15 యూనిట్ల కరెంటు కావాలి. అంత కరెంటుతో మీ ఇంట్లో 75 వాట్ల ఫ్యాను రాత్రీ పగలూ ఆగకుండా దాదాపు ఎనిమిది రోజులు తిరుగుతుంది. ఆ కరెంటు బొగ్గు మండించి తీస్తే సుమారు పది కిలోల బొగ్గు. బొగ్గు అంటే ఏమిటో గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి ఉన్న ఈ గడ్డకు నేను చెప్పాలా? బొగ్గు బావిలోకి దిగినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. పాత సిల్వర్‌ను తిరిగి కరిగిస్తే ఆ శక్తిలో 5 శాతమే సరిపోతుంది. చొట్టపోయిన కిలో బరువు సిల్వర్ గిన్నెను చెత్తబుట్టలో వేయడమంటే దాదాపు పది కిలోల బొగ్గు తవ్విన చెమటను చెత్తబుట్టలో వేయడమే.

అయితే సిల్వర్ విషయంలోనూ కలపడం ఉంది. ఇంజను ముక్కలు, రంగు పూసిన భాగాలు, ఎలక్ట్రానిక్ సామాను అన్నీ కరిగించి వంటపాత్రలు పోస్తే వాటిలోకి సీసం రావచ్చు. పులుపు వండినప్పుడు అది కూరలోకి దిగుతుంది. వంటపాత్రకు వంటపాత్రల లోహమే పోయాలి. పోతపని చేసేవాళ్లు దీన్ని ధర్మంగా పాటించాలి.

ఇప్పుడు మన రైతుల దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టండి.

మన జిల్లాల్లో వ్యవసాయం చాలావరకు బోర్ల మీద నడుస్తోంది. వోల్టేజీ పడిపోయినా, మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, బోరులో నీళ్లు అందక ఉత్తగా తిరిగినా మోటారు కాలిపోతుంది. యాసంగిలో వైండింగ్ దుకాణాల ముందు మోటార్లు వరుస కట్టి ఉంటాయి. కాలిన మోటారును తుక్కుకు వేయకుండా మళ్లీ చుట్టించడం తిరిగి వాడటంలో మన ప్రాంతం చేస్తున్న గొప్ప పని. ఆ పని చేసే చేతులకు నేను దండం పెడతాను. కానీ పాత తీగ తీసే పద్ధతి మార్చాలి. తీగ మీది వార్నిషు వదలడానికి చాలామంది మోటారు స్టేటరునే మంటలో పెడతారు. స్టేటరు అంటే ఒక్క దిమ్మె కాదు. పలుచని ఉక్కు రేకులు, మీరు స్టాంపింగులు అంటారు, ఒకదాని మీద ఒకటి పేర్చినవి. ప్రతి రేకు మీదా విద్యుత్తును అడ్డుకునే సన్నని పూత ఉంటుంది. మంట మితిమీరితే ఆ పూత కాలిపోతుంది. అప్పుడు రేకు నుంచి రేకుకు కరెంటు పారి, పని చేయకుండానే వేడెక్కుతుంది. కొత్త తీగ ఎంత బాగా చుట్టినా ఆ మోటారు మునుపటి కంటే ఎక్కువ కరెంటు తాగుతుంది, తొందరగా మళ్లీ కాలుతుంది. రైతేమో ‘మోటారుకు వయసు అయిపోయింది’ అనుకుంటాడు. దానికి వయసు పెంచింది మన మంట. తీగ చివరలు కోసి, వేడిని అదుపులో ఉంచి, స్టేటరు ఎర్రబడకుండా నెమ్మదిగా లాగాలి. ఒక గంట ఎక్కువ పడుతుంది. ఆ గంట రైతుకు కొన్ని ఏళ్లు ఇస్తుంది.

మోటారు అసలు కాలకుండా చూసుకోవడం ఇంకా మంచిది. ఫేజు పోతే సరఫరాను ఆపే పరికరం, ఉత్తగా తిరిగితే ఆపే పరికరం స్టార్టరు పెట్టెలోనే అమర్చుకోవచ్చు. తుక్కును తగ్గించడం గురించి ఎన్ని సభలు పెట్టినా కాలని మోటారుకు సాటి రావు.

రాగి తీగలు కాల్చడం గురించి కూడా చెప్పాలి. ఊరి చివర సాయంత్రం నల్లటి పొగ లేస్తే అక్కడ ఎవరో కేబుళ్లు కాలుస్తున్నారని అర్థం. తీగ మీది తొడుగు పీవీసీ. అది మండితే హైడ్రోజన్ క్లోరైడు వస్తుంది, డయాక్సిన్లు వస్తాయి. డయాక్సిన్లు గడ్డి మీద పడి, గేదె కడుపులోకి పోయి, పాల కొవ్వులో చేరతాయి. కాల్చేవాడి పిల్లలే ఆ పాలు తాగుతారు. పైగా కాల్చిన రాగి నల్లబడి తక్కువ రేటు పలుకుతుంది, ఒలిచిన మెరిసే రాగికి ఎక్కువ ఇస్తారు. చేత్తో తిప్పే తొడుగు ఒలిచే యంత్రాలు దొరుకుతున్నాయి. నాలుగు దుకాణాలు కలిసి ఒకటి కొనుక్కోండి.

రాగి మాట వచ్చింది కాబట్టి మనసులో ఉన్న ఒక బాధ చెప్పుకుంటాను. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మరు పగలగొట్టి, నూనె పారబోసి, లోపలి రాగి తీగ ఎత్తుకుపోతున్నారు. పొట్ట దశలో ఉన్న వరికి నాలుగైదు తడులు తప్పితే ఆ రైతు సంవత్సరం పోయినట్టే. ఆ తీగను ఎవరో ఒకరు కొంటున్నారు కాబట్టే దొంగ ఆ స్తంభం ఎక్కుతున్నాడు. దొంగసొత్తు అని తెలిసినా, అలా అనుకోవడానికి కారణం ఉన్నా, కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి అలా ఉంచండి. కాంటా మీద రాగి చుట్ట పెట్టినవాడిని ‘ఇది ఎక్కడిది’ అని ఒక్క మాట అడగండి, పేరూ ఫోను నంబరూ రాసుకోండి. నిజాయితీగా తెచ్చినవాడు చెప్పి పోతాడు. మిగతావాడు మీ గడప తొక్కడు.

బ్యాటరీల దగ్గర ఇంత నెమ్మదిగా మాట్లాడలేను. ఇన్వర్టరు బ్యాటరీ, ఆటో బ్యాటరీ, ట్రాక్టరు బ్యాటరీ ఇవన్నీ సీసం. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, అంటే ఇంటి వెనుక కట్టెల పొయ్యి మీద బాండలిలో కరుగుతుంది. ఆ సులువే మన కొంప ముంచుతోంది. యాసిడ్ మోరీలో పోసి, పలకలు పగలగొట్టి, బాండలిలో కరిగించి దిమ్మెలు పోసేవాళ్లు ఉన్నారు. ఆ ధూళి నేలలో దిగితే ఏళ్ల తరబడి ఉంటుంది. అక్కడ ఆడుకునే పిల్లల రక్తంలోకి చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకైతే హాని లేదు అని చెప్పగల మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం తాము అమ్మిన బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైక్లింగుకు చేర్చే బాధ్యత తయారీదారులదే. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని దుకాణంలోనే ఇచ్చి ధర తగ్గించుకోండి. బ్యాటరీ మాత్రం బండివాడికి ఇవ్వకండి. పాత ఫోన్ల లిథియం బ్యాటరీలు కూడా విడిగా ఉంచండి, ఇనుము గుట్టలో నలిగితే అంటుకుంటాయి.

ఇరవై ఏళ్ల కిందట నా దగ్గర పని నేర్చుకుంటున్న ఒక కుర్రవాడు కరిగిన లోహంలో పాత బండి షాకబ్జార్బరు గొట్టం వేశాడు. రెండు చివరలా మూసుకుని ఉన్న గొట్టం అది. లోపల నూనె, గాలి. ఒక్క క్షణంలో పేలింది. మూసలోని లోహం కొలిమి చుట్టూ చిమ్మింది. అతని మెడ, భుజం కాలాయి, నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ గొట్టం ఉన్న బుట్టను ఉదయం నేనే చూసి పంపించాను. మూసి ఉన్నదేదీ కొలిమిలోకి పోకూడదని ముందు రోజే పాఠం చెప్పినవాడిని, కానీ బుట్టలోకి చేయి పెట్టి చూడలేదు. ఈ రోజుకూ తుక్కు బుట్ట కనిపిస్తే అడుగు వరకు తిరగేసి చూస్తాను. తడిసిన తుక్కు, మూత బిగిసిన డబ్బాలు, గ్యాసు సిలిండర్లు, ఏముండేదో తెలియని పీపాలు గ్యాసు కట్టరు ముందు పెట్టకండి.

2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో జరిగింది కూడా పిల్లలకు తెలియాలి. ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఏళ్ల తరబడి వాడకుండా ఉన్న పరికరాన్ని వేలంలో అమ్మేశారు. దానిలో రేడియేషన్ వెలువరించే కోబాల్టు 60 ఉంది. తుక్కు పనివారు దాన్ని విప్పారు, మెరిసే ముక్కలు చేతులు మారాయి. పలువురు రేడియేషన్ బారిన పడ్డారు, ఒకరు చనిపోయారు. చదువుకున్నవాళ్లు అమ్మారు, చదువు లేనివాళ్లు చనిపోయే పరిస్థితి వచ్చింది. ఆసుపత్రి, ప్రయోగశాల, కర్మాగారం పాత పరికరాలు అమ్మేటప్పుడు లోపల ఏముందో చెప్పాల్సింది అమ్మేవాళ్లే. పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తు కనిపిస్తే ముట్టుకోకండి, పోలీసులకు చెప్పండి.

తిరిగి వాడటం గురించి ఒక మాట. సిరిసిల్లలో గడ్డు రోజులు వచ్చినప్పుడల్లా సాంచాలు, అంటే మరమగ్గాలు, తూకానికి పోయాయి. గుడ్డ నేసిన యంత్రాన్ని కిలోల లెక్కన కొనడం చూసినవాళ్లకు ఆ కాంటా శబ్దం మరచిపోవడం కష్టం. దాన్ని నేను రీసైక్లింగు అనలేను. పనిచేసే యంత్రం తుక్కు అయిందంటే అక్కడ తప్పు ఇనుముది కాదు. ఇంకోవైపు ఆదిలాబాద్ అడవుల్లో, ఉషేగాం, కేస్లాగూడ ఊళ్లలోని ఓజా పోతపనివారు పాత ఇత్తడిని కరిగించి, మైనపు అచ్చుతో గోండు దేవతలను పోస్తారు. అదే పగిలిన ఇత్తడి బిందె, అదే తూకం, కానీ విలువ పెరిగి బయటికి వస్తుంది. మన పెంబర్తి కంచర్లు ఇత్తడి రేకు మీద చేసే పనీ అలాంటిదే. మీ అమ్మమ్మల ఇత్తడి గంగాళం అమ్మే ముందు కళాయి వేయించి వాడుకోగలమా అని ఒక్కసారి ఆలోచించండి. సొట్టలు తీసేవాళ్లు ఇంకా ఉన్నారు, పని లేక మానేస్తున్నారు.

మోటారు సైకిలు, కారు తుక్కుకు ఇచ్చేవారు ఆర్‌సీ రద్దు చేయించకుండా ఇవ్వకండి. మీ చాసిస్ నంబరు మరో దొంగ బండికి అతికే ప్రమాదం ఉంది. 2021 నియమాల కింద నమోదైన వాహన తుక్కు కేంద్రాలు ముందు నూనె, బ్యాటరీ, ఏసీ వాయువు తీసిన తర్వాతే బండిని కోస్తాయి, మీకు ధ్రువపత్రమూ ఇస్తాయి.

ఇక నేను మాట్లాడటం ఆపుతాను. ఈ పక్కన బల్ల మీద పన్నెండు ముక్కలు పెట్టాను. ఒక అయస్కాంతం, ఒక ఆకురాయి, ఒక చిన్న గ్రైండరు ఉన్నాయి. అయస్కాంతం అంటిందల్లా మామూలు ఇనుము అనుకోకండి, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా అంటుతుంది. పసుపుగా మెరిసేదంతా ఇత్తడి కాదు, ఆకురాయితో గీస్తే కింద ఇనుము బయటపడవచ్చు. కళ్లద్దాలు పెట్టుకున్నాకే గ్రైండరు ముట్టుకోండి, ఆ పెట్టెలో ఇరవై జతలు ఉన్నాయి. ముందు అక్కచెల్లెళ్లు రండి, తర్వాత విద్యార్థులు. వ్యాపారులు మాత్రం చివర రావాలి, మీరు చూడగానే జవాబులు చెప్పేస్తారు. లైట్లు కొంచెం తగ్గించండి బాబూ, రవ్వలు కనపడాలి.